ఇష్టమైన ఊరికి దోస్తును తీసుకుపోతే దిగిన రోజు ఎవరి మాట చెల్లాలి?

పాలమూరోడు:
దుబాయ్‌లో చాలా ఏళ్లు సెంట్రింగ్ పని చేసి వచ్చాను. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో సొంతంగా కాంట్రాక్టు పనులు చేసుకుంటున్నా. దుబాయ్ అంటే నాకు పిచ్చి. ఈసారి కూలీగా కాకుండా విజిట్ వీసా మీద పోదామని చిన్నప్పటి దోస్తును వెంటబెట్టుకుని పోయాను. వాడు విమానం ఎక్కడం అదే మొదలు. తెల్లవారుజామున దిగాం. హోటల్ తర్వాత చూద్దాం, ముందు మెట్రోలో దేరా అనే పాత పేటకు పోయి అబ్రా ఎక్కుదామన్నాను. అబ్రా అంటే ఊరి మధ్య క్రీక్‌ను (సముద్రపు పాయను) దాటించే చెక్క పడవ. 20 మంది పడతారు, ఒక్క దిర్హాముకే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరుస్తుంది. వాడేమో టాక్సీలో హోటల్‌కు పోయి పడుకుందామన్నాడు. నేను వినలేదు. మర్నాటి దాకా వాడు ముభావంగానే ఉన్నాడు. ఊరు తెలిసినవాడి మాట వినాలా, వద్దా? మీరే చెప్పండి.

జడ్చర్ల జంక్షన్:
తెలిసినవాడి మాటే వినాలి. ఇందులో అడగడానికి ఏముంది?

మిర్యాలగూడ మిల్లు:
ఎందుకు లేదు? అన్నా, రాత్రంతా నిద్ర లేదు. మొదటిసారి విమానం ఎక్కినవాడికి శంషాబాద్‌లోనే సగం ప్రాణం పోతుంది. ఆ క్యూలు, ఆ చెకింగులు, పాస్‌పోర్ట్ పోతుందేమోనని జేబు తడుముకోవడం. అక్కడ దిగాక మళ్లీ ఇమిగ్రేషన్ టెన్షన్. అంతా అయ్యాక మనిషికి కావాల్సింది మంచం, స్నానం. పడవ ఎక్కడికి పోతుంది? సాయంత్రం కూడా అక్కడే ఉంటుంది. ఒక్కటి చెప్పు, మీరు దిగింది ఏ వారం?

పాలమూరోడు:
ఆదివారం. ఎందుకు?

మిర్యాలగూడ మిల్లు:
మేం కూడా పోయొచ్చాం కాబట్టి అడుగుతున్నా. మిగతా రోజుల్లో దుబాయ్ మెట్రో 5 గంటలకే మొదలవుతుంది. ఆదివారం మాత్రం 8 గంటలకు. తెల్లవారుజామున దిగినవాళ్లు మెట్రో ఎట్లా ఎక్కారు?

పాలమూరోడు:
కూర్చున్నాం. చాయ్ తాగాం. అయితే ఏమైంది? నేనున్నప్పుడు సెలవు శుక్రవారం, మెట్రో ఆలస్యంగా మొదలయ్యేదీ ఆ రోజే. 2022 జనవరి నుంచి వారాంతం శని, ఆదివారాలకు మారింది. వాళ్లు మార్చుకుంటే నేనేం చేయాలి?

మిర్యాలగూడ మిల్లు:
నువ్వేం చేయనక్కర లేదు. బయట టాక్సీ వరుసలో నిలబడితే చాలు. ఎయిర్‌పోర్టులో మీటరు 25 దిర్హాములతో మొదలవుతుంది, దేరా పక్కనే. నిద్రకు ఊగిపోతున్న మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టి మెట్రో కోసం ఎదురుచూసినవాడివి, ఊరు తెలిసినవాడి మాట వినాలని ఇక్కడ తీర్పు అడుగుతున్నావు. పెట్టెలు ఎన్ని ఉన్నాయి? మెట్రోలో మనిషికి ఒక పెద్ద సూట్‌కేసు, ఒక చిన్నది మాత్రమే అంటారు. పెద్దదైనా 81 సెంటీమీటర్లు దాటకూడదు.

పాలమూరోడు:
నువ్వు అక్కడి మెట్రో, టాక్సీలు చూసుకునే దుబాయ్ ఆర్టీఏలో పని చేస్తావా తమ్మీ? మెట్రో టికెట్‌కు వాడే సిల్వర్ నోల్ కార్డుతో ఒక జోన్‌లో 3 దిర్హాములు. 3 ఎక్కడ, 25 ఎక్కడ? సూట్‌కేసులు రెండే. ఇంకో రెండు తాళ్లు కట్టిన అట్టపెట్టెలు. ఎవరూ ఆపలేదు.

కొల్లాపూర్ మామిడి:
మెట్రో సంగతి మీరు తేల్చుకోండి. అట్టపెట్టెలు అన్నారు కాబట్టి ఒక మాట: పచ్చళ్లు, సకినాలు సరే గానీ గసగసాలు పెట్టకండి. అక్కడ నిషేధం. మటన్ మసాలా అని అమ్మ దంచి ఇస్తే అందులో కూడా ఉంటాయి, అడిగి చూసుకోండి.

దేవరకొండ అక్క:
ఆ అట్టపెట్టెలు ఎవరికి తమ్ముడూ?

పాలమూరోడు:
సోనాపూర్ లేబర్ క్యాంపులో మా దిక్కు పిల్లలు ఉన్నారక్కా. వాళ్ల ఇళ్ల నుంచి పంపించారు. అబ్రా దిగాక అక్కడికే పోయాం, మధ్యాహ్నం అన్నం వాళ్ల దగ్గరే తిన్నాం.

మిర్యాలగూడ మిల్లు:
అంటే మొదటిసారి దేశం దాటిన మనిషితో పొద్దున్నే ఎవరివో పెట్టెలు మోయించావు, పడవ ఎక్కించావు, లేబర్ క్యాంపులో అన్నం పెట్టించావు. బుర్జ్ ఖలీఫా ఎప్పుడు చూపించావు?

పాలమూరోడు:
మూడో రోజు. కింద నుంచే. 828 మీటర్లు, కింద నుంచైనా కనపడుతుంది.

జడ్చర్ల జంక్షన్:
😂😂

మిర్యాలగూడ మిల్లు:
నవ్వకు అన్నా. నాకు ఇది అనుభవమే. మా పెద్దన్న డాలస్‌లో ఉంటాడు. నేను పోయిన రోజు కాళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆయన నన్ను కూర్చోనియ్యలేదు. ఇల్లు, గ్యారేజీ, వెనక గడ్డి, ఆ గడ్డి కోసే మిషన్, అన్నీ చూపించాడు. ప్రతిదానికీ ‘బాగుందన్నా’ అనాలి. ఒక్కచోట అనడం మరిచిపోతే రాత్రి వదిన ముందు దెప్పాడు. మనం వాళ్ల ఊరు చూడటానికి పోతామని అనుకుంటాం. వాళ్లకు మాత్రం చూసి మెచ్చుకునే మనిషి కావాలి, అంతే.

పాలమూరోడు:
మీ అన్నకు, నాకు పోలికేంది? నేను గడ్డి మిషన్ చూపించానా? టికెట్ నేను పెట్టాను. వీసా నేను పెట్టాను. హోటల్ నేను పెట్టాను. ఒక్క పూట నా మాట వింటే వాడి సొమ్మేం పోయింది?

దేవరకొండ అక్క:
పైసలు నువ్వు పెట్టావని ఇన్ని పోస్టుల్లో ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు కోపంలో చెప్పావు. ఆ మాట అక్కడ ఎయిర్‌పోర్టులో కూడా అన్నావా?

పాలమూరోడు:
నోటితో అనలేదు.

దేవరకొండ అక్క:
నోటితో అనకపోయినా తెలుస్తుంది తమ్ముడూ. మా నాన్న కూడా అక్కడే చేశాడు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలు. ఆ రెండున్నర గంటలు గోడ నీడలో అట్టముక్క పరుచుకుని పడుకునేవాడట. దుబాయ్ మాట ఎత్తితే చెప్పేది అదొక్కటే. ‘మేం తీసుకుపోతాం, ఒకసారి చూసొద్దాం’ అంటే లేచి బయటికి పోతాడు. నీకేమో అదే ఇష్టమైన ఊరు. నాకు అర్థం కాదు, అందుకే అడుగుతున్నా. నీ దోస్తుకు ఆ క్యాంపు ఎందుకు చూపించావు?

పాలమూరోడు:
అక్కా, మీ నాన్న బాధ నాకు తెలుసు. నేనూ ఆ నీడలో పడుకున్నాను. కానీ సెలవు రోజు సాయంత్రం క్యాంపు బస్సులో దేరా వచ్చి అబ్రా ఎక్కితే, పైన షేకైనా కింద లేబరైనా అదే బల్ల మీద కూర్చోవాలి, అదే ఒక్క దిర్హాము ఇవ్వాలి. నీళ్ల మీద గాలి తగిలేది. ఇంటికి పైసలు పంపిన రసీదు జేబులో ఉండేది. మా తరం వాళ్లలో బొంబాయి బస్సెక్కిన వాళ్లు చాలామంది, వాళ్లకు ఆ మాత్రం కూడా దొరకలేదు. ఆ ఊరు నన్ను మనిషిని చేసింది.

ఇంకో సంగతి. నేను మొదటిసారి పోయేటప్పుడు ఏజెంటుకు కట్టడానికి మా ఇంట్లో పైసా లేదు. ఈ దోస్తు వాళ్ల నాన్న ఎడ్ల జతను అమ్మి ఇచ్చాడు. నిజానికి మేం ఇద్దరం పోవాల్సింది. ఒకడికే సరిపోయాయి. వాడు ఊళ్లోనే ఉండి వ్యవసాయం చూసుకున్నాడు. అప్పు ఎప్పుడో తీర్చేశాను. అయినా వాడు ఒక్కసారైనా ఆ పడవలో నా పక్కన కూర్చోవాలి, నేను తిన్న గదిలో తినాలి అనుకున్నాను. అందులో తప్పేముంది?

కొల్లాపూర్ మామిడి:
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది కదా అన్నా.

దేవరకొండ అక్క:
తప్పు అనను. కానీ వాడి వైపు నుంచి చూడు. తాను పోవాల్సిన ఊరు. తన ఇంటి ఎడ్లు అమ్మితే నువ్వు పోయిన ఊరు. ఇన్నాళ్లకు వాడు దిగితే, నీ పడవ, నీ గది, నీ జ్ఞాపకం. పొద్దున ఎనిమిదింటి దాకా బెంచీ మీద కూర్చుని వాడు ఆలోచించింది నిద్ర గురించేనని మీ ఇద్దరూ ఎట్లా అనుకున్నారు?

మిర్యాలగూడ మిల్లు:
అక్కా, నిద్ర కూడా ఉంటుంది. ఎడ్లు అమ్మి ఇచ్చినవాళ్ల కొడుకైతే ఇంకా మర్యాదగా టాక్సీలో తీసుకుపోవాలి. క్యాంపు రెండో రోజు చూపించొచ్చు.

పాలమూరోడు:
క్యాంపు వాళ్లకు ఆదివారమే సెలవు. రెండో రోజు అక్కడ ఎవరుంటారు? నీకు పని చేసుకునేవాళ్ల సంగతి తెలియదు, టాక్సీ మీటరు తెలుసు.

జడ్చర్ల జంక్షన్:
మాటలు జాగ్రత్త అన్నా. మీ దోస్తు ఇప్పుడు మాట్లాడుతున్నాడా లేదా, అది చెప్పు.

పాలమూరోడు:
మాట్లాడుతున్నాడు. వడ్లు, వాన గురించి. దుబాయ్ మాట ఎత్తడు. మొన్న ఫోన్‌పేలో టికెట్ పైసలు పంపాడు. నేను వెంటనే తిరిగి పంపాను.

దేవరకొండ అక్క:
ఎందుకు పంపావు? ఉంచుకోవాల్సింది. అప్పుడే అది వాడు పోయొచ్చిన ప్రయాణం అయ్యేది.

మిర్యాలగూడ మిల్లు:
అసలు ఉంచుకోవద్దు. ఎడ్లు అమ్మిన ఇంటి పైసలు తీసుకుంటావా? అక్కా, ఈ ఒక్క విషయంలో మీరు చెప్పేది నేను ఒప్పుకోను.

పాలమూరోడు:
మీరు కొట్లాడుకోండి. వాడు మళ్లీ పంపాడు. ఈసారి హోటల్‌వి కూడా కలిపి.