బాబుకి మూడున్నరేళ్లు, ఆటిజం అన్నారు. వైకల్య సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోవాలా?

కరీంనగర్_అమ్మ:
మా బాబు పిలిస్తే తిరిగి చూడడు. టీవీలో సబ్బు యాడ్ పాట వస్తే మాత్రం ఏ గదిలో ఉన్నా ఉరికొస్తాడు. చెవులు బాగానే ఉన్నాయన్నారు, ఆటిజం అని తేల్చారు. థెరపీ మొదలుపెట్టినం, ఫీజులు భారంగా ఉన్నయి. సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లాడికి జీవితాంతం ముద్ర పడుతుందని మా మామయ్యగారు ఒప్పుకుంటలేరు. ఐదేళ్లొస్తే మాటలు అవే వస్తాయంట. మా ఆయన ఎటూ చెప్పరు. మీరంతా ఏం చేశారు?

బోయినపల్లి_అక్క:
చెల్లీ, మా అమ్మాయి ఇప్పుడు టెన్త్‌కి వచ్చింది. మా అత్తగారూ అప్పట్లో ఇదే పాట. సర్టిఫికెట్ బీరువాలో ఉండే కాగితం, ఎవరికి చూపించాలో మనిష్టం. పైగా ఈ వయసు పిల్లలకి సాధారణంగా తాత్కాలికంగానే ఇస్తారు, పెద్దయ్యాక మళ్లీ చూస్తారు. ఈ మాట మామయ్యగారికి చెప్పు, సగం మెత్తబడతారు.

దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్‌లో పెట్టు, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు కూడా అందులోనే. తర్వాత ఇసా అని, ఆటిజం ఎంతుందో కొలిచే పరీక్ష ఉంటుంది. అది మా సికింద్రాబాద్ బోయినపల్లిలో ఉన్న ఎన్ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థలో తయారైందే. 40 అంశాలు, నిన్ను అడుగుతారు, బాబునీ గమనిస్తారు. మొత్తం స్కోరు 70 లోపు వస్తే ఆటిజం కాదని లెక్క. మన ఆడవాళ్లు అక్కడ పరువుకి పోయి "మావాడు అన్నీ చేస్తాడండీ" అంటారు. అలా అనకు. రోజూ ఎలా ఉంటాడో అదే చెప్పు. కొత్త చోట పిల్లలు వేరేగా ఉంటారు కాబట్టి ఫోన్‌లో ఇంటి వీడియోలు తీసుకెళ్లు.

ఫీజుల సంగతి: జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ, అంటే చిన్నపిల్లల ఎదుగుదల సమస్యలు చూసే ప్రభుత్వ కేంద్రం, ఉందేమో కనుక్కో, అక్కడ డబ్బు తీసుకోరు. ఎన్ఐఈపీఐడీకి వస్తే ఇంట్లో ఏం చేయించాలో అమ్మానాన్నలకే నేర్పిస్తారు. బాబుతో పాటు మీ ఆయన్నీ తీసుకురా, నువ్వొక్కదానివే రాకు.

గుంటూరు_నాన్న:
అక్కగారు డబ్బు లెక్కలు వదిలేశారు, నేను చెప్తాను. సర్టిఫికెట్ చేతికి రాగానే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాకి పెట్టండి. ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చులకీ కొంత వస్తుంది. కాబట్టి సెషన్ రసీదు ఒక్కటి కూడా పారేయొద్దు. ఏటా రెన్యువల్ ఉంటుంది, మర్చిపోతే ఆగిపోతుంది. మీవారు పాత పద్ధతిలో పన్ను కడుతుంటే వైకల్యమున్న పిల్లల పోషణకిచ్చే మినహాయింపు కింద పన్ను లెక్కించే ఆదాయంలో 75 వేలు తగ్గుతాయి, వైకల్యం 80 శాతం, ఆపైన అయితే లక్షా పాతిక వేలు.

ఇంకోటి. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే తగ్గిపోతుందని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ఆటిజానికి అది సిఫార్సు చేయబోమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. అయినా మా ఊళ్లో పొలం అమ్మి చేయించినవాళ్లున్నారు.

డల్లాస్_తెలుగు:
మాటల కోసం ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని ఎవరైనా అంటే వినకండి. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు. మాకు థెరపిస్టే తెలుగులో మాట్లాడమన్నారు. మాటలు వచ్చేలోపు బొమ్మలు చూపించి అడగడం నేర్పండి. దానికి ఐఐటీ బాంబేవాళ్ల జెల్లో యాప్ ఉంది, ఉచితం.

కరీంనగర్_అమ్మ:
అందరికీ థ్యాంక్స్. ఈ రాత్రి మా ఆయనకి ఇదంతా చదివి వినిపిస్తా. అక్కా, వీడియోల్లో ఏమేం తీయాలి?

బోయినపల్లి_అక్క:
అన్నం తినేటప్పుడు, పేరు పెట్టి పిలిచినప్పుడు, చుట్టాల పిల్లలతో ఉన్నప్పుడు. ఒక్కోటి నిమిషం చాలు. కెమెరా కోసం బాబుని ఆడించొద్దు, వాడి మానాన వాణ్ణి వదిలేసి తియ్యి.