అసెనోకుమరాల్ 3 మిల్లీగ్రాముల మాత్ర నర్సంపేట వైపు ఎక్కడైనా దొరుకుతుందా? ‘రెండూ ఒకటే’ అనే దుకాణదారుతో ఎలా వేగాలి?

నర్సంపేట కోడలు:

మా అత్తమ్మకు గుండెలోని మైట్రల్ కవాటం తీసేసి లోహపు కవాటం అమర్చారు. దాని మీద రక్తం గడ్డ కట్టకుండా బతికినన్నాళ్లూ అసెనోకుమరాల్ వేసుకోవాలి. డాక్టరు రాసిన మోతాదు ఒక రోజు 2 మిల్లీగ్రాములు, మర్నాడు 3. సరి తేదీకి ఇది, బేసి తేదీకి అది అనుకుందామంటే 31 తర్వాత మళ్లీ 1 వచ్చి లెక్క తప్పుతుంది. అందుకని ఆమె గోడ క్యాలెండరులో ప్రతి తేదీ కింద 2, 3 అని పెన్నుతో రాసుకుని, మాత్ర వేసుకున్నాక కొట్టేస్తుంది. ఐదో తరగతితో చదువు మానేసిన మనిషి ఇంత పద్ధతిగా ఉంటే, డిగ్రీలు గోడకు తగిలించుకున్న దుకాణాల తీరు చూడండి.

ఒకాయన చీటీ సగం చదివి, “3 లేదమ్మా, 4 ఇస్తాను, కొంచెం గిల్లి వేసుకోమనండి” అన్నాడు. చిటికెన వేలి గోరంత కూడా లేని మాత్రలో నాలుగో వంతు ఎలా గిల్లాలో ఆయనే చేసి చూపిస్తే బాగుండేది. ఇంకో చోట కుర్రవాడు క్లోపిడోగ్రెల్ షీటు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అదేమిటని అడిగితే “ఇదీ రక్తం పలచన చేసేదే, రెండూ ఒకటే” అని నవ్వాడు. నేను చదవకుండా తెచ్చుకుని ఉంటే?

సరుకు లేకపోవడం మీద నాకు కోపం లేదు. చిన్న ఊరు, అన్నీ ఎక్కడ పెట్టుకుంటారు? లేదని చెబితే వరంగల్ బస్సు ఎక్కుతాను. లేదనడానికి నోరు రాక చేతికందింది అంటగట్టడమే నాకు మింగుడుపడటం లేదు. పైగా షీటు కత్తిరించేటప్పుడు గడువు తేదీ ఉన్న ముక్కను వాళ్లే ఉంచుకుంటారు. బిల్లు అడిగితే ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తారు.

ఈ మందు వాడే ఇళ్లవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పండి.

తెల్లకోటు:

అక్కా, నేను హనుమకొండలో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టును. మా వైపు సంగతి కూడా చెబుతాను, సమర్థించడానికి కాదు. ఈ మందు అడిగేవాళ్లు తక్కువ. అందులో 1, 2, 3, 4 అని రకాలు. చిన్న దుకాణంవాళ్లు బాగా పోయే ఒక రకం మాత్రమే తెప్పిస్తారు. కత్తిరించిన షీటును డిస్ట్రిబ్యూటరు వెనక్కి తీసుకోడు, అందుకే పది మాత్రలు అడిగితే ముఖం ముడుచుకుంటుంది.

కానీ క్లోపిడోగ్రెల్ ఇవ్వబోవడం ఘోరం. అది రక్తంలోని ప్లేట్‌లెట్లనే కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది. అసెనోకుమరాల్ రక్తం గడ్డ కట్టడానికి కావలసిన విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది. లోహపు కవాటానికి మొదటిది రెండోదాని బదులు చాలదు. వార్ఫరిన్ అదే జాతి మందే అయినా మోతాదు వేరు, అదీ బదులు ఇవ్వకూడదు. షెడ్యూల్ హెచ్ మందుల (అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి) చీటీకి రాసింది తప్ప వేరేది ఇవ్వకూడదని 1945 నాటి ఔషధ నియమాల్లో 65వ నియమం చెబుతోంది. ఇలాంటి మందులు రిజిస్టరైన ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే అమ్మాలి. ఈసారి “ఫార్మసిస్టు ఎవరండీ?” అని అడగండి. చాలాచోట్ల సర్టిఫికెట్టు గోడ మీద ఉంటుంది, మనిషి ఉండడు.

3 దొరకకపోతే 2, 1 కలిపి వేసుకోవచ్చు. అయితే చీటీ మీద డాక్టరుతోనే అలా రాయించుకోండి. ఇంకొకటి, కొన్ని షీట్ల మీద నికౌమలోన్ అని ఉంటుంది. అది ఇదే మందు. రెండు మందులనుకుని రెండూ వేసుకుంటే ప్రమాదం.

ములుగు బాటసారి:

మా నాన్న వార్ఫరిన్ మీద ఉన్నారు. మోకాళ్ల నొప్పి అంటే దుకాణంలో ఏమీ అడక్కుండా డైక్లోఫెనాక్ ఇచ్చారు. రెండు మూడు రోజులకు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం. అప్పటి నుంచి ఏ మందు కొన్నా, జలుబు మాత్రయినా సరే, ముందు ఈ షీటు చూపించి తర్వాత నోరు విప్పుతాం.

మేం వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల దుకాణాల్లో తెచ్చుకుంటాం, అక్కడ రకాలు ఎక్కువ. మేడారం జాతర ఏడాదైతే ముందే తెచ్చి పెట్టుకుంటాం. ఆ రోజుల్లో మా దారిలో బస్సు ఎప్పుడు కదులుతుందో సమ్మక్క తల్లికే తెలియాలి.

రిటైర్డ్ సార్:

అసలు దోషం డాక్టర్లది. జనరిక్ పేరు, అంటే మందు అసలు పేరు, స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే వైద్య మండలి నిబంధన మార్చింది. ఎవరు రాస్తున్నారు? ఆసుపత్రి మెట్ల కింద ఉన్న దుకాణంలో తప్ప ఇంకెక్కడా దొరకని కంపెనీ పేరు రాస్తారు. జన ఔషధి కేంద్రానికి వెళ్లి చవకగా తెచ్చుకోమ్మా.

నర్సంపేట కోడలు:

సార్, మా బీపీ మాత్రలు అక్కడివే, ఏ ఇబ్బందీ లేదు. ఈ మందుకు మాత్రం కంపెనీ మారితే కొద్ది రోజుల్లో మళ్లీ పీటీ ఐఎన్ఆర్ (రక్తం గడ్డ కట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే) పరీక్ష చేయించమని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆ పరీక్షకు, దారి ఖర్చుకు అయ్యేది చూస్తే మిగిలేదేమీ ఉండదు. చీటీ సంగతిలో మీతో నాకు పేచీ లేదు. ఆ గీతలు చదవలేకే సగం మంది చేతికందింది ఇస్తున్నారేమో.

తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే డాక్టరుకు ఫోను చేశాను, వచ్చే చీటీలో 2, 1 విడివిడిగా రాస్తామన్నారు. బస్టాండు దగ్గర మందుల దుకాణంలో ఒకామె నా నంబరు రాసుకుని, నెలనెలా తెప్పిస్తానంది. పూర్తి షీట్లు తీసుకోవాలని షరతు పెట్టింది. సరే అన్నాను, ఎలాగూ జీవితాంతం వాడేదే. ఇంకో మాట, అత్తమ్మ ఎవరిదో పెళ్లికని ఊరెళ్లి ఒక రాత్రి మాత్ర మరిచిపోతే మర్నాడు రెండు రోజులవీ కలిపి వేయాలా?

తెల్లకోటు:

వద్దక్కా. అదే రాత్రి గుర్తొస్తే వేసుకోవచ్చు. మర్నాడు గుర్తొస్తే పోయింది పోయినట్టే, ఆ రోజుది మాత్రమే వేయండి. మరిచిన తేదీ రాసి పెట్టి పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరుకు చెప్పండి. వరుసగా రెండు రోజులు తప్పితే అంతదాకా ఆగకుండా వెంటనే ఫోను చేయండి.