స్మోకీ పర్వతాల్లో పేరులేని సమాధులు: పూలు పెట్టేది ఎవరు?

ప్రశ్న:
గత శనివారం మేము అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో ఉన్న బ్రైసన్ సిటీ నుంచి బయలుదేరి, స్థానికులు "ఎక్కడికీ వెళ్లని రోడ్డు" అని పిలిచే దారి చివరనున్న సొరంగం దాటి, గ్రేట్ స్మోకీ పర్వతాల నేషనల్ పార్కులో కాలిబాట పట్టి నడిచాము. ఒక గుట్ట మీద పాతిక దాకా సమాధులు కనిపించాయి. చాలావాటి మీద పేరు లేదు, చెక్కని బండరాయి మాత్రమే నిలబెట్టి ఉంది. మైళ్ల దూరంలో ఒక్క ఇల్లు లేకపోయినా ప్రతి సమాధి మీదా రంగు వెలవని ప్లాస్టిక్ పూలున్నాయి. వాటిని ఎవరు పెడుతున్నారు? మేము లోపలికి వెళ్లడం తప్పా?

మొదటి జవాబు:
వెళ్లడం తప్పు కాదు, కానీ పూలనూ రాళ్లనూ కదపకండి. స్మోకీ పర్వతాలు భాగమైన అప్పలాచియన్ కొండల్లో ఏటా వసంతం నుంచి వేసవి చివరి వరకు, ఒక్కో శ్మశానానికి ఒక్కో ఆదివారం చొప్పున, "డెకరేషన్ డే" జరుపుతారు. బంధువులంతా చేరి గడ్డి చెక్కి, మట్టిని గట్టులా ఎగదోసి, పూలు పెట్టి, కీర్తనలు పాడి, అక్కడే కలిసి భోజనం చేస్తారు. పూర్వం కాగితపు పూలు చేసి, వానకు తడవకుండా మైనంలో ముంచేవారు. రాయి చెక్కించే స్తోమత లేని కుటుంబాలు అక్కడి రాయినే పాతాయి. అది ఎవరిదో ఇంటివారి జ్ఞాపకంలోనే ఉండేది. తలరాయికీ కాలిరాయికీ మధ్య దూరం చూడండి, బాగా తక్కువగా ఉంటే అది పసిబిడ్డది.

రెండో జవాబు:
మీరు నడిచిన దారికి పెద్ద కథే ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నుంచి 1944 వరకు, టెన్నెసీ వ్యాలీ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ ఫోంటానా డ్యామ్ కట్టింది. జలాశయం కింద పాత రహదారి మునిగింది, ఉత్తర ఒడ్డున ఉన్న కుటుంబాలు ఊళ్లు విడిచాయి, ఆ వైపు 44,000 ఎకరాలు పార్కులో కలిశాయి. నీటిలో మునిగే సమాధులను తరలించారు. ఎత్తున ఉన్నవాటిని మాత్రం, యుద్ధం ముగిశాక కొత్త రోడ్డు వేస్తామన్న 1943 ఒప్పందాన్ని నమ్మి, చాలామంది అక్కడే ఉంచేశారు. ఆ రోడ్డు సొరంగం దాకా వచ్చి, ఆమ్లాన్ని విడుదల చేసే రాతి కారణంగా 1970ల తొలినాళ్లలో ఆగిపోయింది. 2010లో ప్రభుత్వం రోడ్డుకు బదులు, బ్రైసన్ సిటీ ఉన్న స్వైన్ కౌంటీకి 5.2 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. డబ్బు కౌంటీకి అందింది గానీ, వృద్ధులు నేటికీ పార్కు వారి పడవలో జలాశయం దాటి, అక్కడి నుంచి కొండెక్కి తమవారి దగ్గరకు చేరవలసి వస్తోంది. నా దృష్టిలో ఇది నెరవేరని మాటే.

మూడో జవాబు:
మాది శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊరు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం చేర్చారు. మా తాతల సమాధులు మాత్రం నీటి కిందే ఉండిపోయాయి. పడవలోనైనా వెళ్లి ఒక పువ్వు పెట్టగలగడం ఎంత పెద్ద సంగతో నాకు అర్థమవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. తీసిన ఫోటోలను మళ్లీ చూశాను. తూర్పు చివర, ఒకే వరుసలో, తలరాయికీ కాలిరాయికీ మధ్య రెండు మూరలు కూడా లేని సమాధులు మూడు ఉన్నాయి. మూడింటి మీదా ఒకే రంగు పూలున్నాయి.