పాత క్రిస్టల్ రేడియోను మళ్ళీ వినిపించడం ఎలా?

మా అమ్మమ్మకు 95 ఏళ్ళు. చిన్నతనం మద్రాసు జార్జ్‌టౌన్‌లో గడిచింది. 1930 ఏప్రిల్‌లో మద్రాసు కార్పొరేషన్ మొదలుపెట్టిన ప్రసారాలను వాళ్ళ నాన్నగారు సాయంత్రం పూట ఇంట్లో క్రిస్టల్ రేడియో పెట్టెలో వినేవారట. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చాక కూడా కొన్నాళ్ళు అదే పెట్టె. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. ఏరియల్ తీగకు తగిలే తరంగాల శక్తే దానికి చాలు. హెడ్‌ఫోను ఒక్కటే కాబట్టి దాన్ని కంచు గిన్నెలో పెట్టి, చుట్టూ తలలు ఆనించి అందరూ ఊపిరి బిగబట్టి వినేవారట. ఎవరైనా దగ్గితే పాటలో ఒక ముక్క పోయినట్టే!

ఆ పెట్టె ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. తీగచుట్ట బాగానే ఉంది. గెలీనా రాయి (తరంగాల నుంచి శబ్దాన్ని వేరుచేసే సీసపు ఖనిజం) మీద మాత్రం నల్లటి పొర పట్టింది, దాన్ని తాకే సన్నని తీగ విరిగిపోయింది. హెడ్‌ఫోను లేదు. ఇప్పటి ఇయర్‌ఫోన్ల నిరోధం చాలా తక్కువ, దీనికి 2000 ఓమ్‌ల వంటివి కావాలని చదివాను.

ఆ రాయిని పాడు కాకుండా శుభ్రం చేయడం ఎలా? రాయిని తాకే ఆ సన్నని తీగకు ఏ లోహం మంచిది? చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడితే మామూలు ఇయర్‌ఫోను పనిచేస్తుందా? నేనుండేది చెన్నైలోనే. ఆకాశవాణి మీడియం వేవ్ అందాలి కదా?

దసరాకు అమ్మమ్మ మా ఇంటికి వస్తారు. కంచు గిన్నె సిద్ధంగా ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పండి.