కరణం దస్త్రం: బలం తెలివిదా, రాతదా?

ప్రశ్న – మెట్టరైతు
తెలిసినవాడిదే పైచేయి అంటారు. అయితే గట్టు ఎక్కడుందో, బోదె ఎటు పారుతుందో, ఏ మడి చవుడో దున్నే రైతుకు తెలిసినంతగా, ఊరి భూముల లెక్కలు రాసే నాటి కరణానికి తెలిసేది కాదు. అయినా తగవు వచ్చినప్పుడు చెల్లింది కరణం అడంగల్‌లో (ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగుచేస్తున్నారో రాసే రిజిస్టరులో) రాసిన మాటే. అలాంటప్పుడు జ్ఞానం అధికారాన్ని ఇస్తుందా, లేక ఏది జ్ఞానమో అధికారమే తేలుస్తుందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు – విశ్రాంత ఉద్యోగి
కరణం బలం అతనికి తెలిసినదానిలో కంటే, తెలిసినదాన్ని ఇతరుల కంట పడకుండా ఉంచుకోవడంలో ఉండేదని నా అభిప్రాయం. 1951 జనాభా లెక్కల నాటికి దేశంలో అక్షరాస్యులు సుమారు 18 శాతమే కాగా, వంశపారంపర్యంగా వచ్చిన ఆ దస్త్రాలు చాలాచోట్ల కరణం ఇంట్లోనే ఉండేవి కనుక, తన పేరిట ఎంత విస్తీర్ణం రాశారో రైతు సరిచూసుకునే వీలే లేదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణం పదవులను రద్దు చేసింది. పదవి పోయినంత సులువుగా దస్త్రాలు చేతులు మారలేదు లెండి.

జవాబు – పౌరుడు
పై మాటకు రాజస్థాన్ అనుభవం తోడవుతుంది. 1990లలో అక్కడ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం జరిపిన బహిరంగ విచారణల్లో కూలీల మస్టరు రోల్‌ను (హాజరు, కూలి చెల్లింపుల పట్టీని) ఊరివాళ్ల ముందు బిగ్గరగా చదివేవారు. పనికి రానివారి పేర్లు, చనిపోయినవారి పేర్లు కూడా కూలి తీసుకున్నవారి జాబితాలో వినపడేసరికి, అక్షరం ముక్క రానివారు సైతం లేచి అధికారులను నిలదీశారు. వారికి కొత్తగా చదువేమీ రాలేదు, కాగితం బయటపడిందంతే. 2005 నాటి సమాచార హక్కు చట్టానికి ఆ ఉద్యమం ఒక ముఖ్యమైన పునాది.

జవాబు – పహాణీ
చూడగలిగితే చాలునన్న వాదనతో నేను ఏకీభవించను. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి అనే భూ రికార్డుల వెబ్‌సైటు వచ్చాక రైతు తన రికార్డును ఫోనులోనే చూడగలిగాడు. కానీ అందులో తప్పు దొర్లితే సవరించే అధికారం తహసీల్దారు చేతిలో లేకుండా పోయింది, అప్పీలుకూ దారి లేకపోయింది. పట్టాదారు తన విస్తీర్ణం గుంటల్లో తగ్గిందని తెరమీద కళ్లారా చూస్తూనే కలెక్టరేటు చుట్టూ తిరగవలసి వచ్చింది. 2025లో వచ్చిన భూ భారతి చట్టం అప్పీలును మళ్లీ కల్పించింది. కాబట్టి మెట్టరైతు గారూ, రికార్డు ఎవరు చూడగలరన్నదానితో ఆగకుండా, దానిమీద కలం పెట్టే హక్కు ఎవరిదో కూడా అడగండి.

మెట్టరైతు
ధన్యవాదాలండీ. ఒక సందేహం మాత్రం మిగిలింది: గట్టు గురించి రైతు నోటితో చెప్పే మాటకు సవరణ విచారణలో సాక్ష్యంగా ఎంత విలువ ఇస్తున్నారు? ఆ విచారణలు దగ్గరగా చూసినవారు చెప్పగలరు.