చెత్త కవర్‌లోని సూది మా అమ్మ వేలికి దిగింది, ఇప్పుడు ఏం చేయాలి?

కాజీపేట బిడ్డ, మధ్యాహ్నం 3:15

అందరికీ నమస్తే. మా అమ్మ హనుమకొండలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో కాంట్రాక్టర్ కింద హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. ఈ రోజు పొద్దున ఆరున్నరకు వార్డులో నల్ల కవర్ మూతి ముడేసి ఎత్తుతుంటే లోపలి సూది కుడి చేతి బొటనవేలికి దిగింది. నల్ల కవర్ అంటే అన్నం, అరటి తొక్కలు, కాగితాలు వేసేది. అందులో సూది ఎవరు పడేశారో, ఏ పేషెంట్‌కు వాడిందో తెలియదు. రక్తం వస్తే అమ్మ వేలు నోట్లో పెట్టుకుని పీల్చి ఉమ్మేసిందట. స్పిరిట్ దూది చుట్టుకుని మధ్యాహ్నం రెండు గంటల దాకా పని చేసింది. సూపర్‌వైజర్ టీటీ (ధనుర్వాతం ఇంజెక్షన్) వేయించి "ఇవన్నీ మామూలే" అన్నాడట.

ఇంటికొచ్చి బియ్యం ఏరుకుంటూ మాటల మధ్యలో చెప్పింది. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు. పరీక్షకు పోదామంటే "గల్లీలో తెలిస్తే ఏమనుకుంటరు" అంటోంది. తొమ్మిదేళ్లుగా ఇదే పని. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బీ వైరస్‌కు టీకా ఒక్కసారి కూడా వేయలేదు. ఎక్కడికి తీసుకుపోవాలి? ఆలస్యమైపోయిందా?

స్టాఫ్ నర్సు, 22 ఏళ్ల సర్వీసు, 3:31

బిడ్డా, ఆలస్యం కాలేదు. కానీ రేపటికి పెట్టకు. ఇప్పుడే అమ్మను ఆటో ఎక్కించి వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపో, మిగతాది దారిలో చదువుకో. అక్కడ ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు) ఉంది. అది మూసేసి ఉంటే క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్‌కు "ఆసుపత్రి పనిలో సూది గుచ్చుకుంది, పొద్దున ఆరున్నరకు" అని టైమ్‌తో సహా చెప్పు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు. మొదలుపెడితే 28 రోజులు మానకుండా వాడాలి. మీ అమ్మకు అవసరమా కాదా అన్నది డాక్టర్ చూసి చెబుతారు.

అందరూ హెచ్‌ఐవీ అనగానే భయపడతారు. నాకు మీ అమ్మ విషయంలో అంతకంటే ఎక్కువ టెన్షన్ హెపటైటిస్ బీ గురించి. హెచ్‌ఐవీ ఉన్నవారి సూది గుచ్చుకుంటే సుమారు 1,000 మందిలో ముగ్గురికి అంటుతుంది. హెపటైటిస్ బీ ఉన్నవారి సూది అయితే, టీకా లేనివారిలో 100కు 6 నుంచి 30 మందికి రావచ్చు. ఆ వైరస్ ఎండిన రక్తంలో కూడా ఏడు రోజులు బతుకుతుంది. అందుకని టీకా ఈ రోజే మొదలుపెట్టమని అడుగు. ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌తో పోరాడే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్ కావాలా అని కూడా అడుగు, అది 24 గంటల లోపు పడితే మంచిది.

నాకూ 2006లో గుచ్చుకుంది. సూదికి క్యాప్ తిరిగి పెట్టబోయి చూపుడు వేలికి. ఆ పేషెంట్‌కు హెపటైటిస్ బీ ఉంది. అప్పటికే మూడు డోసులు పూర్తయ్యాయి కాబట్టి బయటపడ్డాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ రోజు నుంచి క్యాప్ తిరిగి పెట్టడం మానేశాను, నా దగ్గర నేర్చుకునే పిల్లల్ని పెట్టనివ్వను.

ఇంకోసారి ఎవరికైనా ఇలా అయితే వేలు నోట్లో పెట్టొద్దు, పిండొద్దు, స్పిరిట్ పోయొద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో కడగాలి. అమ్మను మాత్రం తిట్టకు, ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ల్యాబ్ టెక్నీషియన్, జనగామ, 3:50

అక్క చెప్పినట్టు వెంటనే బయలుదేరు చెల్లీ. ఈ రోజు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ మూడింటికీ రక్తం ఇవ్వండి. నెగెటివ్ వస్తే ఇంతకు ముందు ఏమీ లేదని మాత్రమే అర్థం, పొద్దుటి సూది సంగతి అది చెప్పదు. కానీ ఆ కాగితం చాలా ముఖ్యం. రేపు ఏదైనా బయటపడితే "మీకు ముందే ఉంది" అనకుండా కాపాడేది అదే. ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ చేస్తారు. హెపటైటిస్ సీకి టీకా లేదు, కానీ వచ్చినా ఇప్పుడు నయం చేసే మాత్రలున్నాయి. గల్లీ సంగతంటావా, హెచ్‌ఐవీ రిపోర్టు గోప్యంగా ఉంచాలని 2017 చట్టంలోనే ఉంది. అమ్మకు ధైర్యం చాలకపోతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసి ఆమెనే మాట్లాడమను, డబ్బులు పడవు.

కాజీపేట బిడ్డ, రాత్రి 9:40

ఇప్పుడే వచ్చాం. ఎవరికి వాడిన సూదో తెలియదు కాబట్టి మందు మొదలుపెట్టారు. రక్తం తీసుకున్నారు, టీకా మొదటి డోసు వేశారు. అక్కడి కౌన్సెలర్ తలుపు వేసి అమ్మతో ఒక్కదానితోనే మాట్లాడింది. బయటికొచ్చాక అమ్మ ముఖం తేలికపడింది. నర్సమ్మా, మీరు "రేపటికి పెట్టకు" అనకపోతే నేను ఆదివారం దాకా ఆగేదాన్ని.

హౌస్‌కీపింగ్, కరీంనగర్, రాత్రి 10:05

చెల్లీ, అమ్మ కాంట్రాక్ట్ మనిషి అయినా సరే ఊరుకోకండి. 2016 బయోమెడికల్ వ్యర్థాల (ఆసుపత్రి చెత్త) నియమాల్లో ఆ చెత్త ఎత్తే వాళ్లందరికీ హెపటైటిస్ బీ, ధనుర్వాతం టీకాలు వేయించాలని, ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష చేయించాలని ఉంది. ఆ బాధ్యత ఆసుపత్రిది. సూదులు పడాల్సింది గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో. మేం ఆరుగురం కలిసి కాగితం రాసిచ్చాకే మాకు మందపాటి రబ్బర్ గ్లవ్స్ వచ్చాయి. వాటిని కూడా సూది దాటగలదు, కానీ ఆ పల్చటి గ్లవ్స్‌తో పోలిస్తే ఎంతో నయం. జరిగింది తేదీ, టైమ్, వార్డుతో రాసి రెండు కాపీలు తీయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద సంతకం తీసుకోండి.

కాజీపేట బిడ్డ, ఆరు రోజుల తర్వాత

పరీక్షలు మూడూ నెగెటివ్. మందుకు కొంచెం వికారంగా ఉందంటోంది, అన్నం తిన్నాక వేసుకుంటోంది. కాగితం ఇచ్చాం. సూపర్‌వైజర్ తీసుకోనన్నాడు. అమ్మే నేరుగా మేనేజర్ గదికి పోయి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకునే దాకా అక్కడే నిలబడింది. అమ్మతో పనిచేసే నలుగురికి కూడా టీకా వేయిస్తామన్నారు, ఇంకా తేదీ చెప్పలేదు. నేను రోజూ అడిగిస్తున్నాను. అమ్మ ఇప్పుడు కవర్ కింద చేయి పెట్టట్లేదు. మూతి పట్టుకుని, కాళ్లకు తగలకుండా దూరంగా ఎత్తుతోందట. రెండో డోసు వచ్చే నెలలో ఉంది, క్యాలెండర్‌లో గుండ్రంగా గీసి పెట్టాను.