ఇంటర్వ్యూలో "మైసెల్ఫ్" అని మొదలుపెట్టడం తప్పా?

ప్రశ్న (హన్మకొండ అభ్యర్థిని): తెలుగు మాధ్యమంలో చదివి, 2023లో డిగ్రీ పూర్తిచేశాను. ఇంటర్వ్యూలో "మైసెల్ఫ్" అంటూ పేరు చెప్పగానే ఎదుటివారు నవ్వడంతో, ఆ తరువాత నాకు మాట పెగలలేదు. అందులో తప్పేమిటో దయచేసి వివరించగలరా?

జవాబు (ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, కాజీపేట): "మైసెల్ఫ్" అనే మాట ఒంటరిగా వాక్యానికి కర్తగా నిలవదమ్మా, "ఐ యామ్" అనిగానీ "మై నేమ్ ఈజ్" అనిగానీ పేరు చెప్పాలి. తెలుగులో "నాది హన్మకొండ" అన్నప్పుడు క్రియ లేకుండానే వాక్యం పూర్తవుతుంది కనుక, మనవాళ్లు ఇంగ్లీషులోనూ ఆ "యామ్"ను వదిలేసి "ఐ ఫ్రమ్ హన్మకొండ" అంటుంటారు; "ఐ యామ్ ఫ్రమ్ హన్మకొండ" అనండి. నవ్వినవారి మర్యాద సంగతి వేరే చర్చ.

జవాబు (కరీంనగర్ వాసి): సంవత్సరం చెప్పేటప్పుడు "ఐ హావ్ కంప్లీటెడ్" కూడా పొసగదు. గడిచిన కాలాన్ని నిర్దిష్టంగా పేర్కొంటున్నారు కాబట్టి "ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2023" అనడమే సరైనది.

అభ్యర్థిని: ధన్యవాదాలండి. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అని కూడా చెప్పాను, అదీ తప్పేనా?

ఉపాధ్యాయుడు: అవునమ్మా, "ఐ హావ్ టూ బ్రదర్స్" అంటే చాలు. అయినా అడగనిదే కుటుంబ వివరాలు చెప్పనక్కరలేదు.